ఇరవై రెండు సెంటీమీటర్ల గ్రంథాలయం

నందివలస శాఖా గ్రంథాలయంలోని పుస్తకాలన్నీ ఒకే ఎత్తు అని ప్రభుత్వం వారు తేల్చిన రోజున మా ఊళ్ళో ఎవరూ ఆ సంగతి గమనించలేదు. మేమంతా ఎప్పటిలాగే పొడుగు బల్ల చుట్టూ కూర్చుని పేపరు చదువుకుంటున్నాం. నేను రాశిఫలాల దగ్గరున్నాను. అందులో కూడా ఏమీ రాయలేదు.

మా గ్రంథాలయాధికారిణి ఇప్పిలి రత్నకుమారి గారు. పొట్టిగా, చురుగ్గా ఉంటారు. పై అరలో పుస్తకం కావాలంటే స్టూలెక్కి ఆవిడే తీస్తారు తప్ప మమ్మల్ని తియ్యనివ్వరు. చెక్క సొరుగుల్లో ఉండే పాత కార్డులన్నీ కంప్యూటర్లోకి ఎక్కించమని పైనుంచి ఉత్తర్వు వచ్చినప్పుడు, మధ్యాహ్నం మేము ఇళ్ళకి వెళ్ళాక ఒక్కొక్క కార్డూ చూసి టైపు చేసింది కూడా ఆవిడే. పుస్తకం పేరు, రాసినవారి పేరు, అచ్చు వేసినవారి పేరు, ఏ బీరువాలో ఏ అర. ఎక్కడా ఒక్క కొమ్ము, ఒక్క ఒత్తు పోకుండా ఎక్కించారు.

రాష్ట్రంలోని గ్రంథాలయాల వివరాలన్నీ ఒక్కచోట చేర్చడానికి గ్రంథ సమాచార సమీకరణ సంస్థ అని ఒకటి కొత్తగా పుట్టింది. అది తయారుచేసిన వెబ్‌సైటు పేరు గ్రంథదర్పణం. అందులో మా ఊరి గ్రంథాలయం ఎదురుగా ఎర్ర చుక్క వెలుగుతోందని, అది పచ్చగా మారేవరకు జిల్లాకి మంచి పేరు రాదని కబురొచ్చింది. కబురు వెనకాలే కన్సల్టెంటు నిశాంత్ వచ్చాడు. మెళ్ళో గుర్తింపు కార్డు, వీపున సంచీ, చెవిలో ఏదో.

"మేడమ్, మీ రికార్డుల్లో ఎత్తు కాలమ్ ఖాళీగా ఉంది. అందుకే మొత్తం రెడ్‌లో ఉన్నారు" అన్నాడు.

"ఎత్తు రాయాలంటే పుస్తకాలన్నీ దించి కొలవాలి కదా బాబూ. ఓ ఆరు నెలలు టైమివ్వండి, కొలిచి రాసేస్తాను."

"ఆరు నెలలా! శుక్రవారం ప్రారంభోత్సవం." కుర్రవాడు ఆవిడకేసి జాలిగా చూశాడు. "సామూహిక సవరణ అని ఒక సదుపాయం ఉంది మేడమ్. అన్నిటికీ టిక్ పెట్టి, ఒక్కచోట నింపి, ఒక్క నొక్కు నొక్కితే అన్నిట్లోకీ వెళ్ళిపోతుంది. చేతికి అందే పుస్తకం ఏదైనా ఇలా ఇవ్వండి."

బల్ల మీద ఆ పొద్దున్నే ఎవరో తిరిగిచ్చిన పెరటికోళ్ళ పెంపకం పుస్తకం ఉంది. ఆవిడ అదే ఇచ్చారు. నిశాంత్ స్కేలు పెట్టి కొలిచాడు. ఇరవై రెండు సెంటీమీటర్లు.

"అన్నీ అంత ఉండవు బాబూ" అన్నారు రత్నకుమారి గారు.

"ఇప్పటికి ఉండనివ్వండి మేడమ్" అని నొక్కాడు.

అలా మా గ్రంథాలయంలో పురాణాలు, నవలలు, న్యాయశాస్త్రం, బాలల బొమ్మల కథలు, ప్రపంచ పటాలు, నాలుగు సంపుటాల మహా నిఘంటువు, అన్నీ పెరటికోళ్ళ ఎత్తుకి వచ్చాయి. చుక్క పచ్చబడింది. శుక్రవారం ప్రారంభోత్సవంలో సంస్థ ఉప సంచాలకులు విన్నకోట పురుషోత్తం గారు తెర మీద కనిపించి, "సమగ్రత అనేది శ్రమతో కాదు, సంకల్పంతో సిద్ధించునది" అన్నారు. ఆ తరవాత నందివలస రికార్డులన్నిటినీ స్వయంగా ధ్రువీకరించి డిజిటల్ సంతకం చేశారు. దాంతో వాటికి తాళం పడింది, ఇక ఎవరూ దిద్దడానికి లేదు. ఆయన కూడా ఒక్క నొక్కే నొక్కారు. మేము ఇవతల చప్పట్లు కొట్టాం.

కొన్నాళ్ళకి భౌతిక నిర్ధారణ బృందం దిగింది. దర్పణంలో ఉన్నదీ బీరువాలో ఉన్నదీ ఒకటేనా అని చూడ్డం వాళ్ళ పని. పురుషోత్తం గారే స్వయంగా నాయకత్వం వహించారు. మనిషి దబ్బపండులా ఉన్నారు. తెల్ల చొక్కా, జేబులో మూడు పెన్నులు. మాట్లాడితే ఎవరో వెనకనుంచి రాసుకుంటున్నట్టు నిదానంగా మాట్లాడతారు. టేపు తెప్పించి, నిఘంటువు మొదటి సంపుటాన్ని బల్ల మీద నిలబెట్టించారు.

"ఈ గ్రంథం ముప్పై ఆరు ఉన్నది. దర్పణంలో ఇరవై రెండు మాత్రమే. పద్నాలుగు సెంటీమీటర్లు అదనం. ఇది ఎక్కడి నుంచి వచ్చినది?"

"అది ముందునుంచీ అంతే ఉందండీ" అన్నారు రత్నకుమారి గారు.

"అనగా, రికార్డులో లేని పద్నాలుగు సెంటీమీటర్లు ముందునుంచీ మీ ఆధీనంలో ఉన్నట్లు మీరు అంగీకరిస్తున్నారు." పక్కనున్న గుమాస్తా రాసుకున్నాడు.

తరవాత జేబు సైజు శతకం ఒకటి నిలబెట్టారు. అది పద్నాలుగే ఉంది.

"ఇందులో ఎనిమిది సెంటీమీటర్లు లోపించినవి. ఎవరు తీసుకువెళ్ళారు?"

"ఎవరూ తీసుకెళ్ళలేదండీ. అది చిన్న పుస్తకం."

"చిన్న పుస్తకం అనే వర్గం దర్పణంలో లేదు."

మేము పేపర్లు మడిచి పెట్టి వింటున్నాం. రత్నకుమారి గారు ధైర్యం చేసి, "పుస్తకాల్లో తప్పులేదండీ, రికార్డే తప్పు. మీరు తాళం తీస్తే నేనే ఒక్కొక్కటీ కొలిచి దిద్దుకుంటాను" అన్నారు.

పురుషోత్తం గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. కోపం తెచ్చుకోలేదు. పసిపిల్లకి చెప్పినట్టు చెప్పారు.

"అమ్మా, ఈ రికార్డును నేను ధ్రువీకరించాను. మరి ఈ పుస్తకాన్ని ఎవరు ధ్రువీకరించారు?"

ఆవిడ నిఘంటువు అట్ట తిప్పి చూశారు. కూర్చినవారి పేరుంది, అచ్చాఫీసు పేరుంది, వెల ఉంది. ధ్రువీకరించినవాళ్ళ పేరు నిజంగానే ఎక్కడా లేదు.

"వ్యత్యాసమునకు రెండు వైపులుంటాయి. ఒక వైపు మార్చరానిదైనప్పుడు రెండవ వైపు మారవలసి ఉంటుంది. కావున పుస్తకాలకే సామూహిక సవరణ చేయబడును" అని ఆయన లేచారు.

వారం తిరక్కుండా రత్నకుమారి గారికి మెమో వచ్చింది. విషయం: లెక్కలో లేని ఎత్తు కలిగి యుండుట. మార్చి ఆఖరులోగా పుస్తకాలన్నీ ఇరవై రెండుకి రాకపోతే ఆవిడ్ని సస్పెండు చేస్తారు. ఆ కాగితం ఆవిడ మాకెవరికీ చూపించలేదు. టిఫిను బండి పారమ్మ దగ్గర పైకే చదివి, మడిచి, బొడ్లో దోపుకున్నారట. పారమ్మ బండి గ్రంథాలయానికి ఎదురుగానే ఉంటుంది. అందుచేత మాకు తెలియనిదేదీ లేదు.

మెమోతోపాటు గ్రంథ పరిమాణ సవరణ మార్గదర్శకాలు అనే పుస్తకం ఒకటి వచ్చింది. దాని వెనకాలే కాగితం కోసే మిషనూ, దాన్ని నడిపే మజ్జి తవిటయ్యా వచ్చారు. తవిటయ్య ఒకప్పుడు ప్రెస్సులో పెళ్ళి శుభలేఖలు కోసేవాడు. శుభలేఖలు ఫోన్లలోకి వెళ్ళిపోయాక మిషను మీద గోనెపట్టా కప్పి ఉంచాడు. మా పొడుగు బల్ల తీయించి దాని స్థానంలో మిషను పెట్టారు. మేము పేపర్లు తీసుకుని అరుగు మీదకి మారాం.

"అమ్మగారూ, నాను శుభలేకలు కోసినోడిని. పుస్తకాలకైతే అంచు సాపు సేస్తాం గానీ, అచ్చరాల మీద కత్తెట్టీడం ఎప్పుడూ నేదు" అన్నాడు తవిటయ్య మొదటి రోజు.

"నాకూ ఎప్పుడూ లేదు తవిటయ్యా. పైన కొంత, కింద కొంత తియ్యి. ఒక్క పక్కనే తియ్యకు" అన్నారు రత్నకుమారి గారు.

కత్తి దిగినప్పుడు అరుగు మీద మాకు కూడా అదురు తెలిసింది. ఆవిడ మొదటి పుస్తకానికి పక్కనే నిలబడ్డారు. రెండో పుస్తకానికి వెళ్ళి కిటికీ దగ్గర నిలబడ్డారు. తరవాత స్టూలు మీద కూర్చుని, కోయాల్సినవి అందిస్తూ, ఒక్కసారి కూడా తవిటయ్య చేతుల వైపు చూడలేదు. పొట్టి పుస్తకాలకి కింద అట్టముక్కలు అంటించి పొడుగు చేశారు. శతకాలు మరుగుజ్జులు కర్రకాళ్ళు కట్టుకున్నట్టు నిలబడ్డాయి.

ఇక ఊరి సంగతి. వంటల పుస్తకంలో ప్రతి పేజీకీ అడుగున తగినంత ఉప్పు వేసి దించవలెను అని ఉండేదట. ఆ వరుస పోయింది. పుస్తకం చూసి వండేవాళ్ళ ఇళ్ళల్లో చప్పిడి కూరలు మొదలయ్యాయి. కొత్తగా కాపురానికొచ్చిన ఒకమ్మాయి అయితే పొయ్యి మీదనుంచి దించాలని కూడా రాయలేదని కూర మాడేదాకా కూర్చుంది. పద్యాలకి నాలుగో పాదం పోయింది. హైస్కూలు తెలుగు మాస్టారు మూడు పాదాల్లోనే భావం సంపూర్ణంగా ఉందని పిల్లలకి చెప్పేశారు. డిటెక్టివ్ నవలలో హంతకుడెవరో చివరి పేజీ చివరి వరుసలో ఉంది. ఆ నవల చదివినవాళ్ళు కొన్నాళ్ళపాటు ఒకరినొకరు అనుమానంగా చూసుకున్నారు.

కోసిన ముక్కలు సంచుల కొద్దీ పోగుపడ్డాయి. పారేద్దామంటే అవి ప్రభుత్వ ఆస్తి. ఉంచుదామంటే లెక్కలో ఉండాలి. రత్నకుమారి గారు పైకి రాశారు. ముక్కలను సైతం గ్రంథములుగా నమోదు చేయవలెనని జవాబొచ్చింది. ఆవిడ ఏ పుస్తకం ముక్కలు ఆ పుస్తకానికి కట్టకట్టి దర్పణంలో ఎక్కించారు. ఎక్కించగానే ఎత్తు కాలమ్‌లో ఇరవై రెండు దానంతటదే పడింది. ముక్క చూస్తే రెండు వేళ్ళ ఎత్తుంది. కాబట్టి ముక్కల కట్టలన్నిటినీ అట్టల మీద అంటించి ఇరవై రెండుకి పెంచాల్సి వచ్చింది.

తవిటయ్య కోస్తున్నాడు, అంటిస్తున్నాడు. "ఇక్కడ తీసిందే అక్కడెడతన్నాను గదమ్మా" అన్నాడొకసారి.

"అవును" అన్నారావిడ.

"అలాగైతే కొయ్యకుండా ఉంటే?"

"మార్గదర్శకాల్లో ఆ మాట లేదు."

ఆ ముక్కల పుస్తకాలకి మా ఊళ్ళో మంచి గిరాకీ వచ్చింది. నవల తీసుకున్నవాళ్ళు ముక్కలూ తీసుకుని పక్కపక్కన పెట్టుకుని చదివేవారు. కొందరు ముక్కలే చదివి తిరిగిచ్చేసేవారు. కథ తొందరగా అయిపోతోందని వాళ్ళ అభిప్రాయం.

అసలు గొడవ టైలరు కర్రి సూరప్పడి దగ్గర వచ్చింది. సూరప్పడు ఏటా హైస్కూలు డ్రిల్లు పిల్లలకి బట్టలు కుడతాడు. కొలతలకి గ్రంథాలయంలో కుట్టుపని పుస్తకం ఒకటుంది. అందులో మడత విప్పితే అసలు సైజులో నమూనా కాగితాలుంటాయి. ఎప్పటిలాగే పుస్తకం తెచ్చుకున్నాడు. కాగితం గుడ్డ మీద పరిచాడు. సుద్దతో గీశాడు. గణతంత్ర దినం నాడు పిల్లలు కవాతుకి వస్తే నిక్కర్లు మొలదగ్గర ఆగాయి, చొక్కాలు బొడ్డు పైన ఆగాయి. సెల్యూటుకి చెయ్యెత్తేసరికి డ్రిల్లు మాస్టారు కళ్ళు మూసుకున్నారు.

"నా కొలత తప్పు కాదండి బాబూ. సుద్ద గీత మీద కత్తెర పోయింది, అంతే" అని సూరప్పడు ప్రమాణం చేశాడు. ఆ మాట నిజమే.

హెడ్మాస్టరు గారు సమీకరణ సంస్థకి ఫిర్యాదు పంపారు. సంస్థ విచారణ జరిపి జవాబిచ్చింది: "సదరు దుస్తులు ధ్రువీకృత గ్రంథమును అనుసరించి కుట్టబడినవి. కావున దుస్తులయందు లోపము లేదు. విద్యార్థులు ధ్రువీకృత కొలతలకు మించి యున్నట్లు స్పష్టమగుచున్నది. వారి ఎత్తును గూర్చి విద్యాశాఖ తగు చర్య తీసుకొనవలెను."

ఆ ఉత్తరం హెడ్మాస్టరు గారు అరుగు మీదకి తెచ్చి చదివి వినిపించారు. మేమెవరం నవ్వలేదు. డ్రిల్లు పిల్లల తండ్రులు నలుగురు అక్కడే ఉన్నారు. లోపల మిషను ఆగిపోయింది. తవిటయ్య గుమ్మంలోకొచ్చి, "అమ్మగారూ, పిల్లల్ని మాత్తరం నా కాడికి అంపొద్దని రాయండి" అన్నాడు. అతని మొహంలో వేళాకోళం లేదు.

అప్పటికి బీరువాల్లో సగం దాకా పని నడిచింది. బాగా పెద్ద పుస్తకాలు మాత్రం తవిటయ్య మిషను నోట్లో పట్టక మిగిలిపోయాయి. నిఘంటువు నాలుగు సంపుటాలు, పటాల పుస్తకాలు, వైద్యం, శిల్పం, పక్షుల బొమ్మల పుస్తకం. వాటికోసం పట్నం నుంచి పెద్ద కత్తి వస్తోందని, సోమవారం దిగుతుందని ఫోనొచ్చింది.

నిఘంటువంటే రత్నకుమారి గారికి ప్రాణం. ఎండాకాలం పుటకీ పుటకీ మధ్య వేపాకు పెడతారు. ఎవరైనా మాట కోసం వస్తే ఆ మాట చూపించి ఊరుకోరు, దాని పక్కనున్న రెండు మాటలు కూడా చదివించి పంపుతారు. ఆ శుక్రవారం ఆవిడ అన్నం తినకుండా మార్గదర్శకాలు ముందేసుకుని కూర్చున్నారు. తప్పించుకునే దారి కోసం కాదట, కనీసం పై అంచు ఒక్కటే కోసి ఊరుకోవచ్చేమో చూద్దామని. సగం పుస్తకమయ్యాక లేచి, గబగబా అరుగు మీదకొచ్చారు. అంత కంగారుగా ఆవిడ్ని మేమెప్పుడూ చూడలేదు.

"ఇది వినండి. 'పాఠకుని వద్దనున్న గ్రంథము, తిరిగి వచ్చువరకు, సవరణ పరిధిలోనికి రాదు.'"

మాకు అర్థం కాలేదు.

"ఇళ్ళకి పట్టుకెళ్ళిపోండి. సోమవారంలోగా ఆ పెద్దవన్నీ పట్టుకెళ్ళిపోండి."

"నిగంటువు నానేటి సేసుకుంటానమ్మా?" అన్నాడు సూరప్పడు.

"ఏమీ చేసుకోకు. ఇంట్లో పెట్టుకో చాలు."

సూరప్పడు మొదటి సంపుటం నెత్తిన పెట్టుకుని వెళ్ళాడు. నాకు గుర్రాలకొచ్చే జబ్బుల మీద ఒక ఉద్గ్రంథం వచ్చింది. మా ఊళ్ళో గుర్రాన్ని చూసినవాళ్ళు లేరు. అయినా భద్రంగా తీసుకెళ్ళి బియ్యం డబ్బా మీద పెట్టాను. డ్రిల్లు పిల్లల తండ్రులు పటాలు పట్టుకుపోయారు. కబురు ఊరంతా పాకింది. శనివారానికి గుమ్మం ముందు వరుస కట్టారు. సభ్యత్వం లేనివాళ్ళకి సభ్యత్వాలు రాసి రాసి రత్నకుమారి గారి వేళ్ళు వాచాయి. ఒకటీ అరా తప్ప పెద్దవి అయిపోతే ఇంకా కోయని మామూలువి పట్టుకెళ్ళారు. అవీ అయిపోతే కోసినవి పట్టుకెళ్ళారు. ఎందుకైనా మంచిదని ముక్కలూ పట్టుకెళ్ళారు. తోపుడు బండి మీద ఒకడు న్యాయశాస్త్రమంతా తీసుకుపోయాడు.

ఆదివారం పారమ్మ చెయ్యి తుడుచుకుంటూ లోపలికొచ్చింది. ఇన్నేళ్ళలో ఆ గడప దాటడం ఆమెకదే మొదటిసారి.

"నాకు సదువు రాదు తల్లీ. అయినా ఇస్తావేటి?"

"ఎందుకివ్వను. నిఘంటువులో ఒకటి మిగిలింది. నాలుగోది. మీ ఇడ్లీ పాత్రంత ఉంటుంది."

"మంచం కింద పడతాది" అంది పారమ్మ. చీర కొంగు పరిచి, పుస్తకాన్ని పసిబిడ్డని అందుకున్నట్టు అందుకుంది.

చివర్లో తవిటయ్య వచ్చాడు. తల గోక్కుంటూ నిలబడ్డాడు. "పచ్చుల బొమ్మలది ఎవులైనా అట్టుకెల్లారేటమ్మా?" అని అడిగాడు. ఎవరూ పట్టుకెళ్ళలేదు. కొయ్యాల్సినవాడే దాన్ని గోనెపట్టాలో చుట్టుకుని తీసుకెళ్ళాడు.

సోమవారం పెద్ద కత్తి దిగింది. బీరువాలు ఖాళీ. కత్తితో వచ్చిన మనుషులు పారమ్మ దగ్గర టిఫిను చేసి, కోయడానికి ఏమీ లేదని సంతకం పుచ్చుకుని వెళ్ళిపోయారు. పాఠకులు పుస్తకం పదిహేను రోజులే ఉంచుకోవాలని నిబంధన. అందుకు రత్నకుమారి గారు కంప్యూటరు ముందు కూర్చుని, అన్నిటికీ టిక్ పెట్టి, గడువు పొడిగింపు అనేదాన్ని ఒక్క నొక్కు నొక్కారు. ఆ తరవాత ప్రతి పదిహేను రోజులకీ నొక్కుతూ వచ్చారు.

ఇక పురుషోత్తం గారి నుంచి ఏం వస్తుందోనని మేము బిక్కుబిక్కుమంటూ ఉన్నాం. రత్నకుమారి గారైతే గ్రంథాలయంలో పెట్టుకున్న సొంత పెన్నులు, నీళ్ళ చెంబు ఒక సంచీలో సర్దేసుకున్నారు. సస్పెన్షన్ కాగితం వస్తే ఆలస్యం లేకుండా వెళ్ళిపోవచ్చని. వచ్చింది కాగితం కాదు, ఫోను.

"రత్నకుమారి గారూ, మీ గ్రాఫు చూశారా?"

"లేదండీ."

"ఆకాశంలో ఉన్నది! మూడు దినములలో గ్రంథాలయంలోని సమస్త పుస్తకములు పాఠకులకు చేరుట ఈ దేశ చరిత్రలో లేదు. దీనికి హేతువు నాకు విదితమే. పరిమాణ సవరణ! అన్నీ సమానమైన ఎత్తులో చూడగానే ప్రజలలో పఠనాసక్తి ఉప్పొంగినది."

ఆవిడ ఏదో చెప్పబోయారు. అవతల అప్పటికే సన్మాన తేదీ చెబుతున్నారు.

రాజధానిలో సభ. పెద్ద హాలు, ఏసీ, పూలదండలు. రాష్ట్రంలోని గ్రంథాలయాధికారులంతా వచ్చారు. రత్నకుమారి గారికి తోడుగా నేనూ సూరప్పడూ వెళ్ళి వెనక వరుసలో కూర్చున్నాం. శాలువా కప్పారు. పురుషోత్తం గారు మైకు ముందుకి నడిపించి, "మీ విజయ రహస్యమును సహోద్యోగులతో పంచుకొనుడు" అన్నారు.

ఆవిడకి అబద్ధం చెప్పడం రాదు. శాలువా సర్దుకున్నారు. అంతమందినీ ఒకసారి కలయజూశారు.

"రహస్యం ఏమీ లేదండీ. పుస్తకాల్ని కోస్తామని చెప్పాం. కోసేస్తారేమోనని జనం భయపడి ఇళ్ళకి పట్టుకుపోయారు. అంతే" అన్నారు.

సూరప్పడు నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. అప్పుడు ముందు వరుసలో ఎవరో రాసుకోవడం మొదలుపెట్టారు. పక్కవాళ్ళూ రాసుకున్నారు. కలాల చప్పుడు వెనకదాకా వినిపించింది. పురుషోత్తం గారు ముందుకొచ్చి చప్పట్లు కొట్టారు.

"ఎంత సరళమైన నమూనా! మొదట మిషను తెప్పించుట, రెండవది ప్రకటన, మూడవది పఠనాసక్తి!"

నెల తిరిగేసరికి నందివలస నమూనా రాష్ట్రమంతా అమల్లోకి వచ్చింది. ప్రతి శాఖా గ్రంథాలయం ముందు ఒక కోత మిషను, ఒక ప్రకటన. చాలా ఊళ్ళల్లో జనం పరిగెత్తుకొచ్చి పుస్తకాలు పట్టుకుపోయారు. కొన్ని ఊళ్ళల్లో ఎవరూ రాలేదు. అక్కడ అన్నంత పనీ చేశారు. ఆ సంగతి చెప్పుకుంటున్నప్పుడు రత్నకుమారి గారు మా మధ్య కూర్చోలేక లోపలికి వెళ్ళిపోయారు. నోరు మూసుకుని ఉండాల్సిందని ఆవిడ బాధ. నోరు విప్పినా మూసినా వాళ్ళు ఇదే చేసేవారని హెడ్మాస్టరు గారు ఓదార్చారు. ఆవిడ ఒప్పుకోలేదు.

మార్చి ఆఖర్లో భౌతిక నిర్ధారణ బృందం మళ్ళీ వచ్చింది. బీరువా తలుపులు ఒక్కొక్కటే తెరిచారు. టేపు తీశారు. కొలవడానికి ఏమీ లేక టేపు దానంతటదే చుట్టుకుంది.

"అదనపు ఎత్తు?" అన్నారు పురుషోత్తం గారు.

"శూన్యమండి" అన్నాడు గుమాస్తా.

"లోపించిన ఎత్తు?"

"శూన్యం."

"వ్యత్యాసరహిత గ్రంథాలయం" అన్నారాయన. ఆ గొంతులో నిజమైన భక్తి వినిపించింది. ఖాళీ బీరువాల మధ్య కాసేపు చేతులు కట్టుకుని నిలబడ్డారు. మెమో రద్దయింది. నూరు శాతం అని బంగారు అక్షరాలతో ఒక పత్రం ఇచ్చారు. దాన్ని గోడకి తగిలించాక రత్నకుమారి గారు దాని వైపు వీపు పెట్టి కుర్చీ తిప్పుకున్నారు.

అప్పటినుంచి మా గ్రంథాలయం పద్ధతి ఇది. పుస్తకం కావలసినవాళ్ళు ఆవిడ దగ్గరికి వస్తారు. ఆవిడ ఇల్లు చెబుతారు. "ఖగోళమా? కొత్త వీధిలో బంగారయ్య గారింట్లో. పొద్దుట వెళ్ళకండి, ఆయన పూజలో ఉంటారు." పాఠకుడు ఆ ఇంటికి వెళ్ళి, గడప దగ్గర చెప్పులు విడిచి, అడిగి చదువుకుంటాడు. నాలుగు మాటలు కలుస్తాయి, మంచినీళ్ళు ఇస్తారు. గుర్రాల జబ్బుల కోసం మా ఇంటికి ఎవరూ రాలేదు గానీ, నేను అప్పటికి సగం చదివేశాను. సాయంత్రం ఆవిడ వీధులన్నీ తిరిగి, ఎవరింట్లో పుస్తకానికి చెద పట్టిందో, ఎవరు కంచం మూతగా వాడుతున్నారో చూసి మందలించి వస్తారు.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం పురుషోత్తం గారి జీపు వచ్చి ఆగింది. ఈసారి బృందం లేదు, టేపు లేదు. ఒక్కరే దిగారు. మిగతా ప్రభుత్వ శాఖలకి కూడా సామూహిక సవరణ వర్తింపజేసే పథకానికి గంభీరమైన పేరు కావాలట. మంచి సంస్కృత పదం ఏదో నాలుక చివర ఉంది, రావడం లేదు. రాజధాని గ్రంథాలయంలో నిఘంటువు కోసం వెళితే, అక్కడిది ఎవరో పాఠకుడు ఇంటికి పట్టుకుపోయి తలుపు తియ్యడం లేదట.

"ఏ అక్షరమండీ?" అని అడిగారు రత్నకుమారి గారు.

"స-కారము."

"అయితే నాలుగోది. పారమ్మ ఇంట్లో ఉంది. ఇప్పుడు బండి కట్టేసి ఉంటుంది, వెళ్ళండి."

దారి చూపించమని నన్ను పంపారు. పారమ్మది ఒంటి గది ఇల్లు. పప్పు నానబోస్తోంది. ఆయన్ని చూసి గుర్తుపట్టి, ఏమీ అనకుండా చేతులు కడుక్కుని, మంచం కిందనుంచి పుస్తకాన్ని లాగింది. పైన కప్పిన పాత చీర విప్పింది. ఆయన రెండు చేతులూ చాచారు. ఆమె ఇవ్వలేదు.

"ఇక్కడే కూకుని సూసుకోండి బాబూ. ఎన్నాళ్ళైనా సూసుకోండి. తవరి సేతికిచ్చి అంపడానికి మాత్తరం నాకు దైర్నం సాల్దు."

పురుషోత్తం గారు నా వైపు చూశారు. నేను సున్నం గోడ వైపు చూశాను. ఆయన జేబులో పెన్నులు సర్దుకుని, పీట మీద కూర్చున్నారు. పారమ్మ పుస్తకాన్ని నేల మీద చాప పరిచి దాని మీద పెట్టింది. ముప్పై ఆరు సెంటీమీటర్లు. ఆయన వంగి పుట తిప్పారు. కావలసిన మాట కోసం వేలు కిందికి జరిగింది, ఆగింది, దాటిపోయింది. పుటల మధ్య ఎండిన వేపాకు ఒకటి ఒళ్ళో పడింది. తీసి మళ్ళీ అక్కడే పెట్టారు. ఇంకో పుట తిప్పారు. పెదవులు కదుపుతూ ఏదో మాట చదువుకుని, తనలో తనే, "ఔరా" అన్నారు.

వీధిలో జీపు డ్రైవరు హారన్ కొట్టాడు. కాసేపాగి మళ్ళీ కొట్టాడు. ఆయన తల ఎత్తలేదు. పారమ్మ బయటికొచ్చి డ్రైవరుతో, "సదువుకుంటన్నారు నాయనా, సప్పుడు సెయ్యకు" అని చెప్పి, రుబ్బురోలు దగ్గర కూర్చుంది.